మొటిమ మచ్చలకి సన్‌స్క్రీన్: ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా శ్రీకాకుళం ఎండలో నా అనుభవం

ఫిబ్రవరిలో, అరసవల్లిలో రథసప్తమి సందడి తగ్గాక మొదలుపెట్టాను. ఇప్పుడు అక్టోబర్. బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు చాలావరకు చర్మంలో కలిసిపోయాయి. దవడ దగ్గరవి పలచబడ్డాయి. గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో ఏ నెలలో ఏమైందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ తేడా కొడుతుందో రాస్తున్నాను. బీఫార్మసీ చదివాను కాబట్టి ట్యూబు వెనక సన్నక్షరాలు చదివే అలవాటుంది. ఇప్పుడు చేసేది గ్రామ సచివాలయం ఉద్యోగం, వారంలో సగం రోజులు గార మండలంలో ఇంటింటికీ తిరగాలి కాబట్టి ఎండ సంగతీ తెలుసు.

సన్‌స్క్రీన్ నుంచి ఏం ఆశించాలో ముందే చెప్పేస్తాను. మచ్చని అది చెరపదు. మొటిమ వాపు తగ్గాక పేరుకున్న మెలనిన్, అంటే చర్మానికి రంగిచ్చే పదార్థం, చర్మం పొర రాలేకొద్దీ దానంతటదే పోతుంటుంది. రోజూ పడే ఎండ ఆ చోటే మళ్లీ కొత్త మెలనిన్ పుట్టిస్తుంటే ఎంత పోయినా అంత చేరుతుంది, మనకేమో మచ్చ కదల్లేదనిపిస్తుంది. ఆ చేరికని ఆపడమే సన్‌స్క్రీన్ పని. అందుకే ఫలితం నెలల్లో కనిపిస్తుంది, వారాల్లో కాదు.

మొటిమ మానాక మిగిలేవన్నీ ఒకటి కావు. ఏవి తగ్గుతాయో తెలియకపోతే రెండో నెలకే విసుగొస్తుంది. పలచటి గాజుగ్లాసు అంచు మచ్చ మీద మెల్లగా ఒత్తి చూడండి. రంగు మాయమైతే అది ఎర్ర మచ్చ, కింద సన్నటి రక్తనాళాలు ఇంకా ఉబ్బి ఉన్నాయన్నమాట. ఒత్తినా గోధుమరంగు అలాగే ఉంటే అది మెలనిన్ మచ్చ. సన్‌స్క్రీన్ బాగా పనికొచ్చేది దీనికే. మచ్చలో బూడిద, నీలం ఛాయ ఉంటే మెలనిన్ పై పొర దాటి లోపలికి దిగిపోయింది. దానికి ఏడాది పైనే పట్టొచ్చు, కొన్ని పూర్తిగా పోవు. వేలితో తడిమినప్పుడు గుంట తగిలితే అక్కడ చర్మాన్ని లోపల్నుంచి నిలబెట్టే కొల్లాజెన్ పోయింది, దాన్ని ఏ క్రీమూ పూడ్చలేదు. రెండు బుగ్గల మీదా ఒకే ఆకారంలో పరుచుకున్నది మంగు కావచ్చు, దాని వైద్యం వేరు.

ఫొటోలు తప్పకుండా తీసుకోవాలి. ఒకే కిటికీ పక్కన, ఒకే సమయానికి, ఫ్లాష్ లేకుండా, ఎడమ, కుడి, ముందు. ఫోన్ ముందు కెమెరాలో బ్యూటీ మోడ్ చాలావాటిలో దానంతటదే ఆన్ అయి ఉంటుంది, అది ఆఫ్ చేయకపోతే మొదటి ఫొటోలోనే మచ్చలు ఉండవు. వెనక కెమెరా నయం. నెలకోసారి తీస్తే చాలు. వారానికోసారి పోల్చుకుంటే ఏమీ కనిపించదు, బెంగ మాత్రం పెరుగుతుంది.

ఫిబ్రవరి మొదట్లోనే ఊళ్లో ఒక స్కిన్ డాక్టర్‌కి చూపించుకున్నాను. ఫీజు 400. సాయంత్రం ఐదుకి పేరు రాయిస్తే లోపలికి పిలిచేసరికి ఏడు దాటింది. చూడటం మాత్రం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫీజు భారమనుకునేవాళ్లు ఊళ్లో అందరూ రిమ్స్ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రి ఓపీకి వెళ్లొచ్చు, అక్కడా చర్మవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లాలి. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న మచ్చల గురించి కాదు. “కొత్త మొటిమలు ఇంకా వస్తున్నాయామ్మా?” అని. వస్తున్నాయన్నాను. “అవి ఆగకపోతే మచ్చలకి ఏం రాసినా దండగ. ముందు మొటిమలు, పక్కనే సన్‌స్క్రీన్” అన్నారు. రాసిచ్చినవి: రాత్రికి మొటిమల మందు అడాపలీన్ 0.1 శాతం జెల్, పగటికి మొటిమలకీ మచ్చలకీ పనిచేసే అజెలాయిక్ యాసిడ్ 10 శాతం, మొటిమ లేచిన చోట బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, సబ్బు కాని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్. పెళ్లయినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గర్భం అనుకుంటున్నా, వచ్చినా అడాపలీన్ వాడకూడదు, డాక్టర్‌కి ముందే చెప్పాలి. అజెలాయిక్‌కి ఆ ఇబ్బంది లేదు.

“మెడికల్ షాపులో అడిగి ఏదైనా తెల్లబడే ట్యూబు రాశావా?” అని కూడా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగారు. మా వైపు ఈ ట్యూబులు పక్కింటి పిన్ని దగ్గర్నుంచి పెళ్లికూతురి దాకా అందరి అల్మారాల్లోనూ ఉంటాయి. వారంలో మొహం తేటపడుతుంది, నిజమే. వెనక తిప్పి చూస్తే బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, ఈ నాలుగింట్లో ఒకటి తరచూ ఉంటుంది. ఇవి స్టెరాయిడ్లు. కొన్ని నెలలు రాస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, రోమాలు వస్తాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, మానేసిన రోజు నుంచి మొహం మండిపోతుంది. చర్మానికి రాసే ఈ రకం స్టెరాయిడ్లని 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మడం మాత్రం ఆగలేదు. అదే ట్యూబులో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా ఉంటే ఏళ్ల తరబడి రాసినవాళ్లకి మచ్చ పోవాల్సిన చోట నీలినలుపు తిరగొచ్చు. సన్‌స్క్రీన్ మొదలుపెట్టేముందు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ ఒకసారి తిప్పి చదవండి.

ఇక కొనడం. ఎస్‌పీఎఫ్ అనేది ఎండలో చర్మాన్ని కందించే యూవీబీ కిరణాల లెక్క మాత్రమే. 30 అంటే ముప్ఫయ్యో వంతు లోపలికి వెళ్తుంది, 50 అంటే యాభయ్యో వంతు. శాతాల్లో చూస్తే ఆపేది 97కీ 98కీ తేడా, అంతే. మచ్చల విషయంలో దానితో సమానంగా చూడాల్సింది పీఏ పక్కన ప్లస్‌లు, అది చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల లెక్క. నాలుగు ప్లస్‌లుంటే మంచిది, మూడుకి తగ్గితే వద్దు. కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది కానీ యూవీఏలో చాలాభాగం లోపలికొచ్చేస్తుంది, కాబట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, ఆఫీసులో అద్దం దగ్గర కూర్చున్నా రాయాలి. మొటిమలు రానివ్వదని అట్ట మీద రాసి ఉండటాన్ని నేను పట్టించుకోను. ఆ మాటకి కచ్చితమైన చట్టపు కొలత లేదు. జెల్ రకాలు తేలికగా ఉంటాయి, వాటిలో ఆల్కహాల్ పైవరసలో ఉంటే అడాపలీన్ రాసే మొహం భగ్గుమంటుంది. క్రీము రకాలు మన చెమటకి జారుతాయి. పలచటి లోషనే నాకు సరిపడింది.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్నవి మంట పెట్టవు. మన చామనఛాయ మీద మాత్రం బూడిద పూసుకున్నట్టు ఉంటాయి. ఫీల్డ్‌లో ఒక మామ్మ నన్ను నిలబెట్టి, “ఏటమ్మీ, మొకానికి ఆ తెల్లటిదేటి రాసినావు?” అని అడిగితే ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ ఆ సాయంత్రం షాపుకెళ్లి వేరే రకం తెచ్చుకున్నాను. తెలుపు ఇష్టం లేక కొంచెమే రాసేకంటే, తెలుపు లేనిది నిండుగా రాయడం మేలు.

నిండుగా అంటే ఎంత? అసలు విషయం ఇక్కడుంది. ఎస్‌పీఎఫ్ పరీక్ష చేసేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. ఒక మొహం సుమారు 500 నుంచి 600 చదరపు సెంటీమీటర్లనుకుంటే గ్రాము నుంచి 1.2 గ్రాములు, మెడ అదనం. అందరూ చెప్పే రెండు వేళ్ల కొలత, అంటే చూపుడువేలు, మధ్యవేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు, ఈ లెక్కకి దగ్గరగా వచ్చేదే. అది ట్యూబు నోరు ఎంత వెడల్పో దాన్ని బట్టి మారుతుంది. నగలు తూచేలాంటి చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్‌లో మూడొందలకి దొరికింది. దాని మీద తూచి చూస్తే సన్ననోరు ట్యూబుతో రెండు వేళ్లు నింపినా గ్రాము రాలేదు, మూడో గీత పెట్టాల్సొచ్చింది. బఠాణీ గింజంత తీసి మొహమంతా పులిమితే మహా అయితే పావు గ్రాము. సగం రాస్తే రక్షణ సగానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది. ఎస్‌పీఎఫ్ 50 కొని ఆరునెలలు రాసినా ఏమీ కాలేదనేవాళ్లని ట్యూబు ఎన్నాళ్లొచ్చిందని అడగండి. 50 గ్రాముల ట్యూబు నాలుగు నెలలొచ్చిందంటే సంగతి అర్థమైపోతుంది.

అంత మోతాదు ఒకేసారి పెడితే జారుతుంది, ఉండలు కడుతుంది. సగం పెట్టి, రెండు మూడు నిమిషాలు ఆగి, మిగతా సగం పెట్టాలి. రుద్దకూడదు, వేళ్లతో అద్దుతూ పరచాలి. నేను పాటించే వరస ఇది: మొహం కడిగి తుడుచుకుని, అజెలాయిక్ పలచగా రాసి పూర్తిగా ఆరనిస్తాను. తర్వాత మాయిశ్చరైజర్. ఐదు నిమిషాలాగి సన్‌స్క్రీన్. పొర గట్టిపడ్డానికి పావుగంట వదిలి, అప్పుడు బయటికి. కింది జెల్ తడిగా ఉండగా పైన సిలికాన్ ఉన్న సన్‌స్క్రీన్ రుద్దితే రబ్బరు పొట్టులా రాలి వస్తుంది, దానితోపాటు రక్షణా రాలిపోతుంది. పొట్టు వస్తుంటే బ్రాండు మార్చేముందు ఆరే సమయం పెంచి చూడండి. చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. పౌడర్ అలవాటున్నవాళ్లు సన్‌స్క్రీన్ ఆరాక పైన అద్దుకోవచ్చు, కింద రాస్తే పొర పట్టదు.

మర్చిపోయే చోట్లు: చెవుల ముందు భాగం, దవడ కింది అంచు, జుట్టు మొదలు, ముక్కు పక్కల మడత, మెడ పక్కలు. నా దవడ మచ్చలు బుగ్గల కంటే రెండు నెలలు వెనకపడటానికి చున్నీ రాపిడితో పాటు ఇదీ కారణమని నా అనుమానం. బొట్టు సంగతి ఎవరూ చెప్పరు. సన్‌స్క్రీన్ మీద స్టిక్కర్ అంటదు, అంటినా చెమటకి ముక్కు మీదికి జారుతుంది. ముందు స్టిక్కర్ పెట్టుకుని చుట్టూ రాసుకుంటే నిలుస్తుంది. ఆ జిగురు పడక కొందరికి ఆ చోట చర్మం దురదపెట్టి నల్లబడుతుంది, కొందరికి తెల్లబడుతుంది. అలా ఉంటే ముందు స్టిక్కర్ మానాలి, సన్‌స్క్రీన్ దానికేం చేయలేదు. కాటుక పెట్టుకునేవాళ్లు కంటి కింద మాత్రం జింక్ రకం వాడితే నీళ్లు కారవు. జింక్, టైటానియం లేని రసాయన రకాలు చెమటతో కళ్లల్లోకి దిగి, బండి నడుపుతుండగా ఒక్కసారిగా మండుతాయి, ప్రమాదం కూడా.

మార్చి అన్నింట్లోకీ కష్టమైన నెల. అడాపలీన్ మొదలైన రెండు మూడు వారాలకి మూతి చుట్టూ, ముక్కు పక్కల పొలుసులు లేచాయి, అణిగి ఉన్న మొటిమలు పైకొచ్చాయి, అప్పటిదాకా హాయిగా ఉన్న సన్‌స్క్రీన్ కూడా చురుక్కుమంది. మచ్చలు తగ్గించుకుందామని మొదలుపెడితే మొహం ముందుకంటే పాడుగా ఉంది. ఎవరైనా పలకరిస్తే కిందికి చూసి మాట్లాడేదాన్ని. అమ్మ “ఏటే గుంటా, డబ్బిచ్చి మరీ మొకం పాడుసేసుకుంటన్నావు” అంది. ఇలా కావడం మామూలే, చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సర్దుకుంటుంది. అలాగని మంటని ఓర్చుకుని రాయకూడదు. మన రంగు చర్మంలో మంట పుట్టించేది ఏదైనా మచ్చ మిగల్చొచ్చు, మందైనా సరే. అడాపలీన్‌ని రోజు విడిచి రోజుకి తగ్గించి, ముందు మాయిశ్చరైజర్ రాసి పైన మందు రాసేలా మార్చమని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పారు. పది రోజుల్లో చురుకు తగ్గింది. మందు మొత్తం మొహానికి బఠాణీ గింజంతే. ఈ కొలత మందుకి, సన్‌స్క్రీన్‌కి కాదు. ఈ రెండూ కలిపేసుకునేవాళ్లు చాలామంది. ఇంకోటి, బెంజోయిల్ పెరాక్సైడ్ తలగడ గలీబుల్నీ, తువ్వాళ్లనీ తెల్లమరకలు చేసేస్తుంది. తెల్లగలీబు వాడండి.

నిమ్మరసం, టూత్‌పేస్టు, పసుపు పెరుగు సలహాలు ఈ నెలలోనే ఎక్కువొస్తాయి. వీటిలో నిమ్మరసం గురించి ఒక్కటే గట్టిగా చెప్తాను. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు పొక్కి, పాత మచ్చ కంటే నల్లటి కొత్త మచ్చ పడొచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో సమస్యంతా మళ్లీ రాయడం దగ్గరే. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి అని ట్యూబు మీద ఉంటుంది. మన దగ్గర సూర్యుడు మే రెండో వారం చివర, మళ్లీ జూలై ఆఖర్న మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. తూర్పున ఉన్నాం కాబట్టి పొద్దున్న కూడా ఎండ తొందరగా ఎక్కుతుంది. మేలో తొమ్మిదికే నీడ మనిషి కంటే పొట్టిగా ఉంటుంది. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు గట్టిగా ఉన్నట్టే, ఫోన్‌లో యూవీ సూచీ చూడక్కర్లేదు. ఎనిమిదిన్నరకి ఇంట్లో రాసిన పొర, శ్రీకూర్మం దాటి లోపలి ఊళ్లకెళ్లేసరికి సగం చున్నీకి అంటుకుని ఉంటుంది.

బయట మళ్లీ రాయడానికి మొహం కడగనక్కర్లేదు. నూలు చేతిరుమాలుతో చెమట అద్దాలి, తుడవకూడదు. చేతులు కడుక్కుని, అదే మోతాదు రెండు పొరలుగా అద్దాలి. తడి మీద రాస్తే చారలు పడుతుంది. పనిలో ఇది కుదిరేది ఎవరింటి అరుగు మీదైనా మంచినీళ్లు అడిగినప్పుడే. మొదట్లో సిగ్గేసింది, తర్వాత అలవాటైపోయింది. ఊళ్లో ఆడపిల్లలే వచ్చి ట్యూబు పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. స్ప్రేలు గాలికి పోతాయి, మొహం మీద ఎంత పడిందో తెలియదు. కర్రలా ఉండే స్టిక్ రకం ముక్కుకీ, చెంప ఎముకలకీ బాగుంటుంది, ఒక్కసారి గీస్తే మాత్రం చాలదు, నాలుగైదు సార్లు తిప్పాలి.

ట్యూబుని బండి డిక్కీలో పెట్టకండి. 30 డిగ్రీల లోపు ఉంచమని చాలావాటి మీద రాసి ఉంటుంది. మే మధ్యాహ్నం డిక్కీ లోపల చేయి పెట్టలేం. వేడికి నీరు, నూనె విడిపోయి, నొక్కితే ముందు పసుపు నీళ్లు కారతాయి. ఊపి మళ్లీ కలిపినా పొర సమంగా రాదు, అలాంటిది పారేయడమే. భుజం సంచిలో, మంచినీళ్ల సీసా పక్కన పెట్టుకుంటే చాలు. చిన్న డబ్బాల్లోకి తీసుకోవడం కూడా వద్దు.

సన్‌స్క్రీన్ ఒక్కటే అన్నీ చేయాలనుకోకూడదు. ముదురురంగు, దట్టంగా నేసిన చున్నీ మంచి కవచం. పలచటి తెల్ల నూలుది కిరణాల్లో కొంత భాగాన్ని వదిలేస్తుంది, చెమటకి తడిస్తే ఇంకా ఎక్కువ. గొడుగు పైనుంచి వచ్చేది ఆపుతుంది కానీ తీరం వైపు ఇసుక మీద నుంచి, సిమెంటు రోడ్డు మీద నుంచి ఎగిసేది కింది నుంచి తగులుతుంది. మొహానికి ఇంత రాస్తే డి విటమిన్ రాదేమోనని అమ్మ బెంగ. చేతులు, కాళ్లు ఎండలోనే ఉంటున్నాయి కదా అంటే ఊరుకుంది.

ఏప్రిల్ ఫొటో ఫిబ్రవరి ఫొటో పక్కన పెడితే తేడా లేదు. నిజంగా లేదు. ఎనిమిది వారాలకి మచ్చలు తగ్గకపోవడం సహజమని చదివినదాన్నే, అయినా ఆ రాత్రి ఫోన్ పక్కన పడేసి చాలాసేపు కూర్చున్నాను. మారిందల్లా కొత్త మొటిమలు తగ్గడం. అదే మొదటి గుర్తని అప్పుడు అనిపించలేదు. మే ఫొటోలో ఎడమబుగ్గ మచ్చల అంచులు మసకబారాయి. నేను చూసినంతవరకు మచ్చ ముందు అంచు నుంచి కరుగుతుంది, నడిమి ఆఖర్న పోతుంది. రంగు కూడా ఒక్కసారి పోదు. కాఫీ గింజ రంగు నుంచి టీ రంగుకి, అక్కడి నుంచి చుట్టూ ఉన్న చర్మం కంటే ఒక పాలు ముదురు దాకా వచ్చి, అక్కడ చాన్నాళ్లు ఆగుతుంది. ఎర్ర మచ్చలు వాటి దారిన అవి మెల్లగా పోయాయి, సన్‌స్క్రీన్ వల్లేనని చెప్పలేను.

మేలోనే రంగు కలిపిన సన్‌స్క్రీన్‌కి మారాను. దీని కారణం తెలుసుకోవాలి. మన రంగు చర్మాన్ని నల్లబరిచేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా, ముఖ్యంగా నీలి భాగం. పారదర్శకంగా ఉండే సన్‌స్క్రీన్ ఆ వెలుగుని ఆపదు, కనిపించకుండా ఉందంటేనే వెలుగు దాటిపోతోందని అర్థం. దాన్ని ఆపేవి ఐరన్ ఆక్సైడ్లు. ట్యూబు వెనక ఐరన్ ఆక్సైడ్స్ అనో, సీఐ 77491, 77492, 77499 అంకెలతోనో ఉంటాయి. రంగుంది కదా అని కొనేయకుండా ఆ అంకెలు చూడండి. చిక్కల్లా రంగు కుదరడం. ఎక్కువ కంపెనీలు ఒకే ఛాయ తెస్తాయి, అది మనకి గులాబీగానో, పసుపుగానో కనిపిస్తుంది. కొనేముందు దవడ మీద రాసి, షాపు ట్యూబులైటు కింద కాకుండా వీధిలోకొచ్చి ఫోన్ కెమెరాలో చూసుకోవాలి. ధర కూడా ఎక్కువ, 50 గ్రాములు 650. చున్నీకి, బ్లౌజు మెడకి మరకలు అంటుతాయి, సబ్బు ముందు కాస్త పాత్రలు తోమే లిక్విడ్ రాసి నానబెడితే పోతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ఫీల్డ్ రోజుల్లోనే ఇది, ఆఫీసు రోజుల్లో మామూలుది వాడాను. మే తర్వాత మచ్చలు తగ్గే వేగం పెరిగినట్టే అనిపించింది. ఆ సమయానికి మందులూ పని మొదలుపెట్టాయి కాబట్టి ఘనత ఎవరిదో విడదీయలేం.

మే లగ్నాల్లో చుట్టాలింట పెళ్లికి పార్లర్‌లో బ్లీచ్, స్క్రబ్ చేయిస్తామని అప్ప పట్టుబట్టింది. రెండూ మానేసి తల దువ్వించుకుని వచ్చేశాను. అడాపలీన్ రాసే చర్మం మీద బ్లీచ్, వ్యాక్సింగ్, గరుకు స్క్రబ్ మూడూ కొత్త మచ్చకి దారులు.

రాత్రి కడగడం గురించి రెండు మాటలు. నీటికి తట్టుకునే రకాలు ఒక్కసారి నీళ్లతో కడిగితే పోవు. మిగిలిపోయిన పొర, చెమట, దుమ్ము కలిసి నుదుటి మీద గింజల్లా లేస్తాయి. అప్పుడు సన్‌స్క్రీన్ పడలేదనుకుని మానేస్తారు. ఫేస్‌వాష్‌తో నిమిషం పాటు వేళ్లతో తిప్పి కడిగి, మళ్లీ ఒకసారి అలాగే కడిగితే సరిపోతుంది. మేకప్ తీసే నీళ్లు రంగు రకానికి పనికొస్తాయి. కొబ్బరినూనెతో మొహం తుడవడం మొటిమలున్నవాళ్లకి మంచిది కాదు. తలకి రాసిన నూనె కూడా నుదుటి మీదికి దిగి అదే పని చేస్తుంది. తలంటుకునే ముందు గంట రాసుకుని కడిగేస్తే చాలు, రాత్రంతా ఉంచి పడుకుంటే తలగడ గలీబు నుంచి బుగ్గకీ అంటుతుంది.

వానలు మొదలయ్యాక మానేద్దామనిపిస్తుంది. మబ్బు వేడిని ఆపినంతగా కిరణాల్ని ఆపదు. పైగా జూలై ఆఖర్న సూర్యుడు మళ్లీ నడినెత్తిన ఉంటాడని పైన చెప్పాను, మబ్బు విడిచిన గంటలో పడేది మే ఎండకి తీసిపోదు. వర్షాకాలం సుఖమేమిటంటే ఆఫీసులోనే ఉన్న రోజు పొద్దున ఒకసారి, భోజనాల వేళ ఒకసారి సరిపోయింది.

ఖర్చు. మామూలు సన్‌స్క్రీన్ 50 గ్రాములు 450, రంగుది 650. రోజుకి రెండు మూడు గ్రాములు పోతుంటే ట్యూబు నెల తిరక్కుండా ఖాళీ. రెండూ కలిపి వాడితే నెలకి ఎనిమిదొందలకి పైనే, మేలో వెయ్యి దాటింది. అడాపలీన్ 15 గ్రాములది రోజూ రాస్తే పావు గ్రాము చొప్పున రెండు నెలలొస్తుంది, 280. అజెలాయిక్ 230, నెలన్నర. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ కలిపి నెలకి రెండొందలనుకోండి. అంటే అన్నింట్లో ఖరీదైనది సన్‌స్క్రీనే. డబ్బు సరిపోకపోతే నేను మొదట తగ్గించేవి విటమిన్ సి సీరమ్‌లు, నియాసినమైడ్ లాంటి పైపైవి, సన్‌స్క్రీన్ మోతాదు కాదు. ఖరీదైన చిన్న ట్యూబు పొదుపుగా రాయడం కంటే చవకైన పెద్దది ధారాళంగా రాయడం మేలు. 100 గ్రాముల ప్యాక్ లెక్కేసుకుంటే గ్రాము ధర బాగా తగ్గుతుంది, గడువు తేదీ మాత్రం చూసుకోవాలి. తగ్గింపులో అమ్మేవి తరచూ గడువు దగ్గరపడినవే.

ఆగస్టు చివర డాక్టరమ్మ మళ్లీ చూశారు. అజెలాయిక్ ఇంకో మూడు నెలలు, అడాపలీన్ వారానికి మూడు రాత్రులు కొనసాగించమన్నారు. సన్‌స్క్రీన్‌కి ఆఖరి తేదీ ఏమీ చెప్పలేదు. కుడిదవడ మీద నీలం ఛాయ ఉన్న రెండు మచ్చలకి పీలింగ్, అంటే మందు రాసి చర్మం పై పొర ఊడదీయడం, చేయించుకోవచ్చన్నారు, ఒక్కో విడత 1500. చలికాలం దాకా ఆగమని ఆవిడే అన్నారు. ఎండలు తగ్గాక అయితే పీలింగ్ వల్లే కొత్త మచ్చ పడే అవకాశం తక్కువట. గుంటలకి సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్ మొటిమలు పూర్తిగా ఆగి కొన్ని నెలలయ్యాకే. పోయిన నెల గడ్డం మీద రెండు మొటిమలు లేచాయి కాబట్టి ఆ లెక్క మళ్లీ మొదటికొచ్చింది. వాటి మచ్చలు మాత్రం ఈసారి లేత గోధుమరంగు దగ్గరే ఆగాయి.